ఇంకొంచెం కిందికి

"మళ్లీ పైకి లేపొచ్చా?" అని అడిగాడు నాన్న.

మెకానిక్ ముఖం వెలిగిపోయింది. పోర్టికోలో పాత కారు పక్కన గొంతుక్కూచుని, కారును కిందికి దించే పొట్టి స్ప్రింగుల ఫొటోలు ఫోన్‌లో చూపిస్తున్నాడు.

"బ్రహ్మాండంగా లేపొచ్చు సార్! ఇప్పుడున్న స్ప్రింగులు జాగ్రత్తగా దాచుకోండి. మనసు మారితే ఒక్క పూట పని."

"అయితే వద్దు."

గుమ్మంలో నిలబడ్డ కూతురు పళ్లు కొరుక్కుంది. డెబ్భై దాటిన మనిషికి ఇదేం సరదా! ఆయన ఈడువాళ్లు మోకాళ్లకు మందు రాసుకుంటూంటే, ఈయనేమో కారును కాలేజీ కుర్రాళ్ల కారులా నేలకు దించుతానంటున్నాడు.

సరదా వరకే అయితే నవ్వుకుని ఊరుకునేది. కానీ నాన్నకు పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, కుడి ఎడమల ఏముందో తెలియదు. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని కళ్ల డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. నాన్న బుద్ధిగా తలూపాడు. మర్నాడు పొద్దున్నే పాలపాకెట్ కోసమని కారు తీశాడు.

తాళాలు దాచేస్తే ఇంకో జత బయటికొచ్చింది. బతిమాలితే "సరే, ఇక ముట్టను" అని చేతిలో చెయ్యేశాడు. ఆ మాట నిజంగానే అన్నాడు, పాపం. కానీ కారు కంటబడగానే ఆయన చేతులు ఆయన మాట వినవు.

పోయిన ఆదివారం పక్కింటి పిల్ల మూడు చక్రాల సైకిలు ఆయన కారు కింద నుజ్జయింది. పిల్ల అప్పుడే బంతి కోసం దిగింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. హమ్మయ్య, ఇప్పటికైనా బుద్ధొచ్చిందనుకుంది కూతురు. వారం తిరక్కుండానే మెకానిక్‌ను ఇంటికి పిలిపించాడు!

"ఇంకో పద్ధతుంది సార్." మెకానిక్ హుషారు తగ్గలేదు. "స్ప్రింగులు తీసేసి గాలి బ్యాగులు పెట్టడం. బటన్ నొక్కితే కారు కూచుంటుంది, ఇంకోటి నొక్కితే లేస్తుంది."

"ఆ బటన్ ఎవరు నొక్కాలి?"

"మీరే సార్. సీట్లోంచి కదలక్కర్లేదు. అంతా మీ చేతిలోనే ఉంటుంది."

"నా చేతిలో ఉండేదైతే అసలే వద్దు. ఇంకేమైనా ఉంటే చెప్పు."

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "ఉంది గానీ, నేనైతే చెయ్యమనను. ఉన్న స్ప్రింగులనే కోసి పొట్టి చెయ్యడం. వెనక చక్రాల మీద స్ప్రింగుల్లా పేర్చి ఉండే కమాను పట్టీలు కొన్ని లాగెయ్యడం. పాతకాలపు మోటు పని. కోశాక మళ్లీ అతకలేం సార్. కారు ఎగిరెగిరి పడుతుంది. మలుపులో అదుపు తప్పినా తప్పొచ్చు."

"అదే కానివ్వు."

కూతురికి ఒళ్లు మండిపోయింది. "నాన్నా! అదుపు తప్పుతుందంటున్నాడు, వినబడుతోందా?"

"చెవులు బాగానే ఉన్నాయమ్మా. పోయింది కళ్లేగా."

"పోయాయని తెలిసీ ఈ వేషాలేంటి? ఆ పిల్లకేమైనా అయ్యుంటే వాళ్లమ్మకు ఏం చెప్పేవాడివి? అమ్మేద్దాం నాన్నా, దణ్ణం పెడతాను."

"అమ్మితే కొన్నవాడి ఇంటి చుట్టూ తిరుగుతాను. ఇది నా కళ్లెదురుగా ఉండాలి." నాన్న మెకానిక్ వైపు తిరిగాడు. "కానీవయ్యా."

జాకీ మీద కారు లేచింది. కోత మిషన్ గీపెట్టింది. నిప్పురవ్వలు ఎగిరాయి. కాసేపటికి మెకానిక్ కారును దించి, చెమట తుడుచుకుంటూ చూడమన్నాడు.

నాన్న ముక్కుతూ మూలుగుతూ కింద కూచున్నాడు. ముందు బంపర్ కింద చెయ్యి దూర్చి, జానతో కొలిచి, పెదవి విరిచాడు.

"ఇంకొంచెం కిందికి."

"సార్, ఇప్పటికే బాగా దిగింది. దారిలో రాయి తగిలినా గీసుకుపోతుంది."

"నీకెందుకు? ఇంకొంచెం."

మళ్లీ జాకీ, మళ్లీ మిషన్. ఈసారి చెయ్యి సగమే దూరింది. నాన్న తృప్తిగా లేచాడు. "ఆ కోసిన ముక్కలూ పట్టీలూ నువ్వే పట్టుకుపో. ఒక్కటి కూడా ఇంట్లో ఉంచకు."

ఇంత మొండితనం కూతురు ఎక్కడా చూడలేదు. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగానే, ఆయన డ్రైవర్ సీట్లో కూచుని తలుపేసుకున్నాడు. ఇంజన్ గుర్రుమంది.

"నాన్నా, వద్దు!"

"అడ్డు తప్పుకోమ్మా. ఒక్కసారి వీధి దాకా."

కారు కదిలింది. ఇక ఆపడం తన వల్ల కాదని కూతురికి అర్థమైంది. గేటు తీసుకుని వీధిలోకి పరిగెత్తింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. పక్కింటి పిల్ల అరుగు మీద ఆడుకుంటోంది. కూతురు ఆ పిల్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

కారు పాకుతున్నట్టు గేటు దాకా వచ్చింది. కర్రుమని పెద్ద చప్పుడు. ఆగిపోయింది.

నాన్న వెనక్కి తీసి మళ్లీ కదిలించాడు. మళ్లీ అదే చప్పుడు. వాననీళ్లు లోపలికి రాకుండా గేటు కింద కట్టించిన సిమెంటు గట్టుకు బంపర్ కొట్టుకుంటోంది. చక్రాలు గట్టు దాకా రానేలేదు.

మెకానిక్ నెత్తి బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో, ఈ గట్టు సంగతే చూసుకోలేదు సార్! ఈ జన్మకు ఈ కారు వీధి ముఖం చూడదు. తప్పంతా నాదే!"

నాన్న ఇంజన్ ఆపి, మెల్లగా కిందికి దిగాడు.

"నీ తప్పేం లేదయ్యా, ఆ గట్టు ఎంతెత్తుందో కొలుచుకున్నాకే నిన్ను పిలిచాను."