కుడివైపు పెట్టె

"పెట్టి మీంచి సెయ్యి తియ్" అని మణికంఠ దూరం నుంచే అరిచాడు.

ఆనందపురం జంక్షన్‌లో లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఒరిగిపోవడంతో బండ్లన్నీ నిలిచిపోయాయి. ముందు సందేమైనా ఉందేమో చూసొద్దామని మణికంఠ తన మోటార్‌సైకిల్‌ను టీ బడ్డీ పక్కన ఆపి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లుంగీ కట్టుకున్న మనిషొకడు బండి పక్కన గొంతుక్కూర్చుని, కుడివైపు పెట్టెను రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు.

ఆ పెట్టెలో రక్తం ఉంది.

శ్రీకాకుళం ఆస్పత్రిలో మణికంఠ అక్క గంగాభవాని పొద్దున్నే ఆడపిల్లను కన్నది. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఆమెది ఓ పట్టాన దొరకని గ్రూపు. విశాఖలో దొరికింది. కార్లన్నీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటున్నాయని, బండి మీద తెచ్చెయ్యమని బావ గోపి ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు. బ్లడ్ బ్యాంకు వాళ్ళు సంచులను ఐసుతో థర్మోకోల్ డబ్బాలో సర్ది ఇచ్చారు. అది కుడివైపు పెట్టెలో కొలిచి చేసినట్టు పట్టింది.

ఆ పెట్టెల ముచ్చట కూడా చెప్పుకోవాలి. లడఖ్ పోతానని కొన్న ఆ పెద్ద బండి అంతవరకు భీమిలి దాటలేదు. అయినా రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు లేకపోతే అది బండే కాదనిపించింది మణికంఠకి.

బండి సామాన్ల కొట్టు యజమాని తవిటయ్య రెండు రకాల ఫ్రేములు చూపించాడు. ఒకదానికి పెట్టెను బోల్టులతో బిగించాలి, తియ్యాలంటే పానా కావాలి. రెండోదానికైతే పెట్టెను కొక్కేనికి తగిలించి పిడి తిప్పితే చాలు. మళ్ళీ తిప్పితే సూట్‌కేసులా చేతిలోకి వచ్చేస్తుంది.

"తియ్యడానికి సులువైంది ఊడిపోడానికీ సులువే బాబూ" అన్నాడు తవిటయ్య.

హోటల్ ముందు దిగి, పెట్టె చేత్తో పట్టుకుని దర్జాగా నడిచిపోయే తన షోకు మణికంఠ కళ్ళ ముందు మెదిలింది. పిడి ఉన్నదే కొన్నాడు.

ఇప్పుడా పిడి దగ్గరే లుంగీవాడి చెయ్యి ఉంది.

మణికంఠ పరుగున వచ్చి వాడి చొక్కా పట్టి లేపాడు.

"ఏటి సేత్తన్నావ్?"

ఆ మనిషి పళ్ళ మధ్య ఏదో పెట్టుకుని కొరుకుతూనే ఉన్నాడు. గుట్కా అనుకున్నాడు మణికంఠ. ఆ నిర్లక్ష్యానికి ఒళ్ళు మండి చెంప మీద ఒక్కటి ఇచ్చాడు.

దొంగ అనే మాట వినిపిస్తే చాలు, జనానికి ఎక్కడలేని తీరికా వస్తుంది. వచ్చినవాళ్ళు తలో చెయ్యి వేశారు. ఆ తోపులాటలో పక్కనున్న టీవీఎస్ మీంచి చేపల బుట్ట దొర్లి, చేపలన్నీ మట్టిపాలయ్యాయి. లుంగీవాడు వాటివైపు ఒకసారి చూశాడు కాని ఏరుకోవడానికి వంగలేదు. నోట్లోది ఉమ్మేశాడు.

"పెట్టి సూసుకో బాబూ" అన్నాడు.

"సూసుకున్నాను కాబట్టే దొరికినావు."

లుంగీవాడు ఇంకేదో చెప్పబోయాడు. ఎవడో మూతి మీద గుద్దాడు.

మణికంఠ పెట్టె మూత లాగి చూశాడు. తాళం బిగిసే ఉంది. అంతలో ఫోన్ మోగింది. ఎక్కడున్నావు, డాక్టరమ్మ అడుగుతోంది అని గోపి తొందరపెట్టాడు. సరిగ్గా అప్పుడే లారీని పక్కకు లాగారు. మణికంఠ బండెక్కి దూసుకుపోయాడు. అద్దంలో చూస్తే ఆ మనిషి జనం చేతుల్లోంచే బండివైపు చెయ్యి చాపుతున్నాడు. ఎంత పొగరు అనుకున్నాడు మణికంఠ.

ఆ తర్వాత దారంతా గోతులే. గోతిలో బండి ఎగిరినప్పుడల్లా అతని ప్రాణమూ ఎగిరిపడింది. అక్క ముఖం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

ఆస్పత్రి ముందు పెట్టె మూత తీసి, డబ్బా గుండెకు హత్తుకుని పరుగెత్తాడు. నర్సు అందుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. బావా బామ్మర్దులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక గోడకు చేరబడ్డారు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చి, ఇక భయం లేదంది.

మణికంఠ కళ్ళు తుడుచుకుని కిందికి వచ్చాడు. దొంగల భయం ఇంకా పోలేదు. ఖాళీ పెట్టెను కూడా పైకి తీసుకుపోదామని పిడి తిప్పాడు.

పిడి గాలిలో తిరిగింది.

వంగి చూశాడు. కొక్కెం రెండు ముక్కలై ఉంది. పెట్టె ఫ్రేము మీద ఆగి లేదు, ఒక నీలం నైలాను తాడు మీద ఆగి ఉంది. తాడు పెట్టె కిందినుంచి వచ్చి, ఫ్రేమును చుట్టలు చుట్టలుగా పెనవేసుకుని, గట్టి ముడితో ముగిసింది. కొసలు పళ్ళతో కొరికి తెంపినట్టున్నాయి. తాడుకు చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

మణికంఠకి ఆ మనిషిని కొట్టిన చెయ్యి అప్పుడే కొట్టినట్టు మండింది.

వెంటనే వెనక్కి బయలుదేరాడు. ఆనందపురంలో రోడ్డు ఎప్పటిలా సాగిపోతోంది. టీ బడ్డీ మంగాయమ్మను ఆ చేపలాయన ఏడని అడిగాడు.

"ఎల్లిపోనాడు. బుట్ట ఒళ్ళో ఎట్టుకుని, ఒంటి సేత్తో బండి తోలుకుంటా పోనాడు."

పేరు అడిగితే తెలియదంది. ఊరు అడిగినా తెలియదంది.

"ఒళ్ళో ఎందుకు?" అన్నాడు మణికంఠ.

"నానూ అదే అడిగినాను, బుట్ట కట్టుకునే తాడేదని. 'తాడు లేకపోతే నాకు పోయేవి సేపలే, ఆ బాబు పెట్టి పడిపోతే ఏటి పోద్దో' అన్నాడు."