పై మంచం

"పై మంచం నాకే," అన్నది నందిని.

"బబ్లుకు," అన్నాడు లింబాద్రి రంపం ఆపకుండా. "కింద పంటే వానికి భయమైతది."

నందిని మూతి ముడుచుకుంది కానీ వాదించలేదు. లింబాద్రి కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల. ఇరవై రోజుల్లో చాలా అర్థం చేసుకుంది.

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక గల్లీలో లింబాద్రి ఇల్లు. ముందర రేకుల షెడ్డులో వడ్రంగి పని, వెనక రెండు గదులు. లోపలి గది పది అడుగులకు ఎనిమిది. అందులోనే అతని తల్లి పోచవ్వ మంచం, బియ్యం సంచులు, నందిని పుస్తకాలు. ఇద్దరు పిల్లలకు పక్కపక్కన మంచాలు వెయ్యాలంటే తలుపు తెరుచుకోదు. అందుకే రైలు బెర్తుల లెక్క ఒకదాని మీద ఒకటి చేస్తున్నాడు.

ఇరవై రోజుల కింద ఆలూర్‌లో లింబాద్రి తమ్ముడు గంగాదాస్‌ను చంపారు. బోరు నీళ్ళ కాడ పక్క చేనాయనతో లొల్లి. పార నెత్తి మీద పడింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. పసుపు మడిలో బోర్లా పడ్డ మనిషి మళ్ళీ లేవలేదు. ఏడేళ్ళ బబ్లు గట్టు మీద నిలబడి అదంతా చూశాడు.

కబురు అందగానే లింబాద్రి చెక్క చెక్కే బాడిస పట్టుకుని ఆలూర్ ఉరికాడు. అప్పటికే పోలీసులు చంపినవాణ్ణి జీపు ఎక్కించుకుని పోయారు. పొద్దుగూకి ఇల్లు చేరేసరికి లింబాద్రి చేతిలో బాడిస లేదు. చంకలో బబ్లు ఉన్నాడు.

"తల్లి ఎప్పుడో పాయె. ఇప్పుడు ఇంట్ల ఎవ్వలు లేరు. ఏడికి పోతడు?" అన్నాడు భార్యతో.

సంధ్యారాణి కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత వాణ్ణి దించుకుని, కాళ్ళకంటిన బురద కడిగింది.

పోచవ్వ మాత్రం ఆ రోజు నుంచి వాడి దిక్కు చూడలేదు. కోడలు అడిగితే, "వాని మొహంల వాళ్ళ బాపు కనవడ్తుండు. నాతోని కాదు," అని గోడవైపు తిరిగి పండుకుంది.

సుత్తె దెబ్బ వినబడితే చాలు, బబ్లు చెవులు మూసుకుని మూలకు నక్కేవాడు. అందుకని లింబాద్రి మేకులు మానేసి, మంచమంతా స్క్రూలతోనే బిగించాడు. నాలుగు రోజులు ఎక్కువ పట్టింది. ఆ మధ్యాహ్నం మంచాన్ని లోపలి గదిలో నిలబెట్టాడు. పైనుంచి జారిపడకుండా పక్కకు బిగించే అడ్డకమ్మీ ఒక్కటే మిగిలింది.

అప్పుడే షెడ్డు ముందు రెండు బండ్లు ఆగాయి. ఆలూర్ నుంచి వచ్చిన ఏర్గట్ల రాజం దిగాడు, వెంట మరో ఇద్దరు. ముగ్గురి చేతుల్లో ఇనుప రాడ్లు.

"పోరడేడి?"

"అన్నం తింటుండు. నీకెందుకు?"

"బయటికి తోలు. నీతోని మాకు పంచాది లేదు."

"తోలితే ఏం చేస్తవ్ రాజం?"

"నీకు తెల్వదా? ఇయ్యాల చిన్నోడు. రేపు పెద్దగైతే వాళ్ళ బాపు నెత్తురు ఊకుంటదా?"

"మా తమ్ముడు పోయిండు," అన్నాడు లింబాద్రి. "ఇగ చాలు."

అతని మాట పూర్తి కాకముందే రాడ్ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండో దెబ్బకు చెక్కల మీద పడ్డాడు. ఎడమ చేతికి ఉలి దొరికింది. మీద పడుతున్నవాడి తొడలో దింపాడు. వాడు కేక పెట్టి కూలబడ్డాడు. మూడోవాడు లింబాద్రి వీపు మీద తన్నుతూనే ఉన్నాడు. రంపం పొట్టు ఎర్రగా తడిసింది.

సంధ్యారాణి అరుస్తూ మార్కెట్ దిక్కు ఉరికింది.

రాజం లోపలికి దూరాడు. నందిని అప్పటికే బబ్లును పై మంచం ఎక్కించి, వాడి మీద పడి పట్టుకుంది. రాజం వాడి కాలు దొరకబుచ్చుకుని గుంజాడు. నందిని అతని చెయ్యి కొరికింది. ఒక్క దెబ్బకు ఆ పిల్ల పెదవి పగిలింది. అడ్డకమ్మీ లేని మంచం మీంచి బబ్లు కిందికి జారి నేల మీద పడ్డాడు.

రాడ్ లేచింది. పోచవ్వ తన మంచం మీంచి వచ్చి బబ్లు మీద వాలింది. దెబ్బ ఆమె భుజం మీద పడింది.

"జరుగు పెద్దవ్వా," అన్నాడు రాజం.

"జరగ. గంగాదాస్ తోని బడికి పోయినోనివి. నా చేతి బువ్వ తిన్నోనివి. ముందుగాల నన్ను చంపు."

రాజం ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఎత్తిన రాడ్ దించాడు. బయట సంధ్యారాణి వెంట హమాలీలు ఉరికొస్తున్న అలికిడి. ముగ్గురూ బండ్లు కూడా వదిలేసి గల్లీలో పడి పరుగెత్తారు. ఉలి దిగినవాణ్ణి సందు చివర హమాలీలు పట్టుకుని పోలీసులకు అప్పజెప్పారు.

దవాఖానలో లింబాద్రి చేతికి పిండికట్టు వేశారు. నందిని పెదవికి రెండు కుట్లు పడ్డాయి. పోచవ్వ భుజం ఎముక చిట్లింది, కానీ ఆమె ఒక్కసారి కూడా మూలగలేదు.

నాలుగో రోజు సాయంత్రం లింబాద్రి ఎడమ చేత్తో అడ్డకమ్మీ పట్టుకుంటే, నందిని స్క్రూలు తిప్పింది. మంచం పూర్తయింది. బబ్లు నిచ్చెన ఎక్కి పైన కూర్చున్నాడు.

పోచవ్వ తన బొంత తెచ్చి, బాగున్న చేత్తోనే పై మంచం మీద వాడికి పరిచింది. ఇన్ని రోజులకు మొదటిసారి తలెత్తి వాడి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"పండుకో బిడ్డా. ఇగ ఎవ్వలు రారు."

వాడు ఆమె భుజానికున్న కట్టు చూశాడు.

"నొస్తుందా అవ్వా?"

"నొస్తలేదు."

వాడు కమ్మీ మీద గడ్డం ఆనించి, ఇన్ని రోజులు ఎవరినీ అడగనిది మెల్లగా అడిగాడు.

"మా బాపును జైలు నుంచి ఎప్పుడిడుస్తరు?"