అరిగిన అంచు

రెండో డిస్క్ కూడా ఎడమకు వాలి, కాలువ గట్టుకు పది అడుగుల ఇవతలే జొన్న కొయ్యల్లో పడింది.

"ఇగ ఒక్కటే ఏటు, అంకితా," అన్నాడు శ్రీధర్ సారు. "గట్టు దాటితేనే హైదరాబాద్ పోటీకి నీ పేరు రాస్త. లేకుంటే లేదు."

ఆయన నందిపేట్ బడిలో ఆటల మాస్టరు. గొలుసుల బుట్టలోకి డిస్క్ విసిరే డిస్క్ గోల్ఫ్‌ను ఈ మండలానికి తెచ్చింది తానేనని అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు. దూరం విసిరే డిస్క్‌ను డ్రైవర్ అంటారు. ఆడపిల్లల చేతికి తగ్గట్టు తేలిక డ్రైవర్లే ఏరికోరి తెప్పించాడు. అచ్చు ఒకటే, ప్లాస్టిక్కులు వేరు. గాజులా మెరిసేది ఒకటి, రబ్బరులా చేతికి అతుక్కునేది ఒకటి. ఖరీదైన ఆ రెండూ ఇప్పుడు ఆయన పరువు తీశాయి.

అంకిత బడిసంచిలోంచి మూడోది తీసింది. "దసరాకు ఇంటికాడ ఇసురుకొమ్మని మీరిచ్చింది సార్. గిది ఏస్త."

"గది చవక ప్లాస్టిక్ బిడ్డా. ఇంకింత ముందుగాల్నే పడ్తది."

"ఒక్కసారి సూడుండ్రి సార్."

మూడడుగులు ఉరికి, నడుం తిప్పి విసిరింది. డిస్క్ ఎటూ వాలలేదు. తిన్నగా పోయి, గట్టు దాటి, అవతల పసుపు తవ్విన మడిలో దిగింది. పిల్లలు ఈలలు వేశారు. శ్రీధర్‌కు తానే విసిరినంత సంబరమైంది. పంచెకట్టు పెళ్లిపెద్దలా హుందాగా నడవబోయి, ఆగలేక ఉరికి దాన్ని తెచ్చాడు.

అంచు నున్నగా అరిగిపోయింది. పైనున్న అక్షరాల ఆనవాలు కూడా లేదు. ఏదో పుల్లటి వాసన. చెమట అనుకున్నాడు.

"సూసిండ్రా?" అని డిస్క్ పైకెత్తి పిల్లలందరికీ చూపించాడు. "అరిగినకొద్ది సక్కగ పోతది. గింత అరిగిందంటే ఎన్ని వేలసార్లు ఇసిరిందో లెక్కేసుకోండ్రి. సాధన అంటే గిది."

"సార్, నేను గన్నిసార్లు..."

"ఊకో బిడ్డా. చేసినోళ్లు చెప్పుకోరు."

అక్కడికక్కడే పేరు రాసి సంతకం పెట్టాడు. తన శిష్యురాలని నలుగురికీ చెప్పుకోవడానికి అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాడు.

అంతలో అంకిత నాయనమ్మ హన్మవ్వ గట్టు దిగి వచ్చింది. శ్రీధర్ చేతిలోని డిస్క్‌ను చూసి తిన్నగా ఆయన దగ్గరికే నడిచింది.

"నీ మనుమరాలు గెలిచింది అవ్వా. గీ డిస్క్ గట్టు దాటింది," అన్నాడు శ్రీధర్ గర్వంగా.

హన్మవ్వ దాన్ని తీసుకుని కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుంది.

"దాటదా మరి? దసరా సంది దీన్నే సల్లకుండ మీద మూతేసి, పొద్దుమాపు బూడిదతోటి తోమిన. తోముడు నాది, ఏటు నా మనుమరాలిది. ఎట్ల దాటదు సారూ?"