చోటు మారిన బరువు

నవంబరు తొమ్మిదో తేదీ రాత్రి, ఆరిజోనా ఎడారిలో, అమ్మే డెల్బర్ట్, కొనే లొరీన్ తప్ప మరెవరూ లేరు. ఇల్లు పోగొట్టుకున్న ఆమెకు ఇక ట్రక్కు మీద మోసుకెళ్లే అతని గది, ఆ క్యాంపరే గూడు. పికప్ ట్రక్కు మీద నుంచి దాన్ని మూలల్లోని జాకీలతో పైకెత్తుతుండగా వెనుక జాకీ మోటారు మూలిగి ఆగింది. మోయలేని బరువు పడితే మోటారు కాలిపోకుండా కాచే ఫ్యూజు తెగిపోయింది.

"ఖాళీ బండికి ఇంత బరువేంటయ్యా? మీ అత్తగారు గానీ లోపలుందా?" అంది లొరీన్.

"ఫ్యూజు పీకేసి తీగ చుట్టు. కాలితే కాలుద్ది."

ఆమె వినలేదు. తలుపు తీసి చూస్తే లోపల ఏమీ లేదు. కొత్త ఫ్యూజు వేసి ఆమె ముందు వైపుకు రాగానే వెనుక జాకీ తేలిగ్గా లేచింది. ఈసారి ఆమె పక్కనున్న ముందు జాకీ మూలిగింది. దాని ఫ్యూజు తెగింది.

"బరువు నా వెనకే ఇటొచ్చింది," అందామె మెల్లగా.

"వస్తుంది. అమ్మకం కాగితం మీద సంతకం పెట్టు, లేదంటే నడిచి పో."

నడిచి వెళ్లేందుకు ఆమెకు ఇల్లు లేదు. సంతకం చేసింది. డెల్బర్ట్ క్యాంపర్ వైపు చూడకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.