గాజుగొట్టంలోని స్ఫటికం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిని జలజాక్షి రాత్రి కాపలా కూర్చుంది. ఎక్స్‌రే యంత్రం ముందు, వెంట్రుకంత సన్నని గాజుగొట్టంలో ఇండోల్ అనే రసాయనపు స్ఫటికం తిరుగుతోంది. నత్రజని కలిసిన దాని అణువలయంలో పరమాణువులు ఎలా అమరాయో తెల్లారేసరికి ఫిల్ము మీద నమోదు కావాలి. నెలల తరబడి కష్టపడితే దక్కిన ఒక్కగానొక్క స్ఫటికం అది. గాలి తగిలితే కర్పూరంలా హరించిపోతుంది. హరించేటప్పుడు మల్లెల వాసన వేస్తుంది.

గుమ్మం దగ్గర అటెండరు గురప్ప లేచి నిలబడ్డాడు.

"మల్లెపూల వాసన వస్తా ఉండాదమ్మా. మీరు పెట్టుకోలేదు గదా? మోహిని దెయ్యమేమో."

ఆమెకూ వచ్చింది. చటుక్కున లేచింది.

"గొట్టం పగిలినట్టుంది. దీపం ఇట్లా పట్టు అప్పా."

యంత్రం ఆపింది. కిర్రుమనే చప్పుడు ఆగి, గదంతా నిశ్శబ్దమైంది. భూతద్దం పెట్టి చూసింది. గొట్టం ఎక్కడా చిట్లలేదు. స్ఫటికం అంచులు పదునుగానే ఉన్నాయి. మిగిలిన ఇండోల్ ఉన్న సీసా మూతకు వేసిన మైనం కూడా చెక్కుచెదరలేదు.

జలజాక్షి కుర్చీలో కూలబడి నవ్వింది.

"మన స్ఫటికం కాదు గురప్పా. నువ్వన్న మోహినేలే."

"అంత నిమ్మళంగా చెప్తారేందమ్మా?"

ఆమె మీట నొక్కగానే యంత్రం మళ్లీ కిర్రుమంది. వాసన నెమ్మదిగా వచ్చి ఆమె కుర్చీ వెనక ఆగింది.

"నిలబడితే నిలబడు తల్లీ. దీన్ని మాత్రం ముట్టుకోకు," అంది జలజాక్షి, వెనక్కి తిరగకుండా.