తిరగబడ్డ ముక్క

తమ్ముడూ, నా బంగారుతల్లికి మన నాన్న వణుకుజబ్బు రాదురా!

జన్యువులను ముక్కలుగా చదివి, వరసగా అతికించడమే కదా దాని ఉద్యోగం. తనవే అతికించి చూసుకుంటే, ఆ జబ్బున్నవాళ్లకి ఉన్నట్టే ఒక ముక్క వెనక్కి తిరిగి కనిపించింది. అప్పట్నుంచి అది గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణుకుతోందేమోనని చూస్తూ చచ్చాను.

నిన్న పరుగెత్తుకొచ్చింది. "రైలుపెట్టెల్లాగే నాన్నా! వరస సరిగ్గానే పెట్టి, ఒకదాన్ని నేనే తిరగేసి తగిలించాను."

"నీ తెలివి తగలెయ్య, ప్రాణాలు తీశావు కదే!" అంటూ ఏడ్చేశాను.

సరిపోల్చడానికి నా రక్తమూ తీసుకుంది. నాది ఎన్నిసార్లు చూసినా తిరగబడే ఉందట.

పర్లేదురా, పిల్ల గట్టెక్కింది, నాకదే పండగ. కానీ ఇది తోబుట్టువుల్లోనూ ఉండొచ్చట. పరీక్ష చేయించుకోమని చెప్పాల్సినవాళ్లు: పెద్దక్క, అక్క కొడుకులిద్దరూ, చిన్నచెల్లి, నీ కూతురు. అందరికంటే ముందు నువ్వు.