కథల ఫీజు

కాకినాడలో తనంత బాగా కథ చెప్పే తండ్రి ఇంకొకడు లేడని భాస్కరం వీధంతా చెప్పుకున్నాడు. పాఠాలన్నీ మరమనుషులే చెప్పే ఆ రోజుల్లో, మనిషి నోటి కథ బంగారం కన్నా ప్రియం. ఒక ప్లేస్కూలు ఫీజు కింద ఇల్లు రాసిమ్మంది. ఇంకోటి ఆ ఇల్లు పాతదని వద్దంది. ఈ బడి మాత్రం నెలరోజులు పిల్లకి మధ్యాహ్నం చెప్పిన కథలు రికార్డు చేసి తెస్తే చాలంది. భాస్కరం ముప్పై కథలూ ఇచ్చేసి, మూడేళ్ళ కూతురు వెన్నెలని ఒళ్ళో పెట్టుకుని, సీటు వచ్చేసినట్టే కూర్చున్నాడు.

ప్రిన్సిపాల్ వరదమ్మ గారు అన్నీ విని తలెత్తారు.

"ముప్పై కథల్లోనూ రాజుగారు వేటకెళ్ళారండి. ఆ వెంటనే మీ గురక."

"మరి మిగతా కథండి?"

"మీ అమ్మాయే చెప్పింది. మిమ్మల్ని జోకొడుతూ."

"నాన్నకి నిద్దరొచ్చేస్తుంది, పాపం," అంది వెన్నెల.

సీటు పోయినట్టేనని భాస్కరం లేవబోయాడు.

"కూర్చోండి, చేర్చుకుంటున్నాం. ఫీజు రసీదు ఎవరి పేర రాయమంటారు?"

భాస్కరం నేల చూపులు చూశాడు.

"పాప పేరనే రాయండి. వేటకెళ్ళాక ఆ రాజు ఏమయ్యాడో నేనీ రోజుకీ ఎరగనండి."